బూరుగు గింజల డబ్బా

మా ముబారక్ లారీ ఎక్కిన రోజు నేను పగలు కన్ను మూయను. వాడు స్టీరింగు పట్టిన నాలుగేళ్ళ నుంచీ అంతే. ఎవరన్నా అడిగితే వయసు మీద పడ్డది, నిద్ర రాదు అనేదాన్ని. ఇంకా గుచ్చి అడిగితే, కూర్చుని శుక్ర్ చేసుకుంటున్నా, పైవాడు ఇచ్చినదానికి ఆ మాత్రం కృతజ్ఞత చెప్పుకోవద్దా అనేదాన్ని. ఆ రెండో మాట అబద్ధం. మొన్నటి రంజాన్ నెలలో అది బయటపడేదాకా నాకు కూడా అది అబద్ధమని గుర్తులేదు.

మా ఇల్లు దాచేపల్లిలో, పెద్ద రోడ్డుకు రెండు వీధుల ఇవతల. పొద్దున ఊడ్చిన అరుగు మీద మధ్యాహ్నానికల్లా సిమెంటు దుమ్ము మళ్ళీ పరుచుకుంటుంది. మేము నూర్‌బాషాలం, దూది ఏకే వాళ్ళం. నా మొగుడు విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులు కట్టినవాడు. ఇప్పుడు ఏకడానికి మిషనొచ్చింది. విల్లు దూలానికి వేలాడుతోంది. నేను మాత్రం దబ్బనం వదల్లేదు, దిళ్ళూ పరుపులూ కుడుతూనే ఉన్నాను. ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను దరియాబీని. ముబారక్ నా మనవడు. వాడి పెళ్ళాం జైబున్, మాచర్ల పిల్ల, ఇంటరు దాకా చదివింది, మా ఇంటికొచ్చి రెండేళ్ళయింది. ముబారక్ తల్లి వాడికి మాటలు రాకముందే పోయింది. తండ్రి, అంటే నా కొడుకు ఖాసిం, పదకొండేళ్ళ కింద పోయాడు. వాడిదీ లారీయే.

జైబూకు భయం పట్టుకున్న రోజు నాకు బాగా గుర్తు. పత్తి చివరి ఏరుడు జరుగుతోంది అప్పుడు. ముబారక్‌తో పాటు తిరిగే డ్రైవరు ఒకడి లారీ నార్కట్‌పల్లి దారిలో పల్టీ కొట్టింది. మనిషి బతికాడు, చెయ్యి విరిగింది అంతే. కానీ ఎవరో తీసిన వీడియో ఈ పిల్ల ఫోనులోకి వచ్చింది. లారీ రంగు ముబారక్ లారీ రంగే. అది ముబారక్ కాదని వాడే ఫోను చేసి చెప్పినా ఆ పిల్ల చేతులు చల్లగానే ఉన్నాయి. ఆ రోజు నుంచి వాడు గేటు దాటితే చాలు, ఊపిరి సగంలో ఆగిపోతోందనేది, గుండె మీద ఎవరో కూర్చున్నారనేది, చెమటలు పట్టి గోడకు ఆనుకుని కూర్చునేది. వాడికి ఫోను చేసేది. ఎత్తితే ఒకసారి, ఎత్తకపోతే ఎత్తేదాకా. ఒక రోజు ముప్పై ఏడుసార్లు చేసిందని వాడే చూపించాడు. ఆ ముప్పై ఏడింటిలో ఒకటి ఎత్తబోయి ముందు ఆటోను చూసుకోలేదట. వెంట్రుకవాసిలో తప్పింది.

“నానమ్మా, లారీ నన్ను చంపదు. దీని ఫోను చంపిద్ది” అన్నాడు.

ఆసుపత్రిలో గుండె పరీక్ష తీశారు. గుండెకేమీ లేదన్నారు. ఇది మనసుకు వచ్చిన గాభరా అని మాత్రలు రాశారు. నేను నా మాత్ర నేను వేశాను. “శుక్ర్ చెయ్యవే. మొగుడున్నాడు, ఇల్లుంది, రెండు పూటలా తింటన్నావు. ఇంకేం కావాలే నీకు?” అని. ఆ పిల్ల నోరు మూసుకునేది. నోరు మూసుకుంటే తగ్గిందనుకునేదాన్ని. మా పక్కింటి సారమ్మ ఒకసారి గోడ మీద నుంచి చూసి, “అక్కా, ఆ పిల్ల భయమంటంటే నువ్వు శుక్ర్ తినిపిస్తన్నావు” అంది. నాకు కోపం వచ్చి రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

ఆసుపత్రి నర్సే చెప్పింది, నరసరావుపేటలో ఒకావిడ ఉందని. మనసు వైద్యం చదివి, దానికి మన దీను, అంటే మన మతంలోని మాటలు కలిపి చెబుతుందని, మాత్రలు మానక్కర్లేదని, గురువారాలు ఉంటుందని. రంజాన్ ఇంకో పది రోజులుందనగా జైబూను తీసుకుని బస్సెక్కాను.

మందుల షాపు మీద చిన్న గది. ఆవిడ పేరు తస్నీమ్. నా భుజం ఎత్తు కూడా లేదు, బురఖా కింద పరుగు పందెం బూట్లు. మమ్మల్ని చూసి ఉర్దూ అందుకుంది.

“మాయి దూదేకుల ఇళ్ళమ్మా. ఉర్దూలో మమ్మల్ని తిట్టినా దీవించినట్టే ఉంటది” అన్నాను.

నవ్వి తెలుగులోకి వచ్చేసింది. జైబూను మాట్లాడనిచ్చింది. అరగంట. అంతసేపు ఆ పిల్ల మాట్లాడటం నేను పెళ్ళినాడు కూడా చూడలేదు. మధ్యలో రెండుసార్లు నేను అందుకోబోయాను. మూడోసారి ఆవిడ నా చేతిలో నీళ్ళ గ్లాసు పెట్టింది. తాగుతూ మాట్లాడలేం కదా.

ఆవిడ చెప్పింది ఇదీ. భయం వచ్చినప్పుడు దాన్ని కాదనొద్దు. పాదాలు రెండూ నేలకు ఆనించి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఊపిరి నిదానంగా వదలాలి. ముందు ఆ భయాన్నే పైవాడికి చెప్పుకోవాలి, పేరు పెట్టి, ఉన్నది ఉన్నట్టు. యాకూబ్ ప్రవక్త కొడుకు కోసం కళ్ళు పోయేదాకా ఏడ్చాడు, తన దుఃఖం అల్లాతో మొరపెట్టుకున్నాడు, ఆయన్ని ఎవరూ కృతఘ్నుడనలేదు. మొర పెట్టుకున్నాకనే శుక్ర్. రోజుకు మూడు. అందరికీ ఉండేవి కాదు, ఆ రోజు తన కంటికి కనపడ్డవి, చెవికి వినపడ్డవి. ఎంత చిన్నవైనా సరే. దొరకని రోజు దొరకలేదని చెప్పాలి, అబద్ధం చెప్పకూడదు. ఆ తర్వాత చేతులతో ఒక పని, ఎవరికన్నా ఉపయోగపడేది. నాలుక ఒక్కటే శుక్ర్ చేస్తే చాలదు, మనసూ చెయ్యీ కూడా చెయ్యాలంది.

యాకూబ్ ప్రవక్త మాట దగ్గర నేను గ్లాసులోకి చూశాను. అడుగున రెండు చుక్కలున్నాయి. అవి కూడా తాగాను.

తిరుగు బస్సులో నాకు ఒకటే ఆలోచన. మూడేంది? పైవాడు ఇచ్చింది అంత ఉంటే మూడని చేతులు దులుపుకుంటామా? పిల్ల జబ్బు చూస్తే కొండంత ఉంది, మందు చూస్తే చిటికెడు. చదువుకున్నవాళ్ళు కదా, రోగి భయపడకుండా తక్కువ చెప్పి ఉంటారు, పెంచుకోవాల్సింది మనమే అనుకున్నాను. ఇంటికి రాగానే అటక మీద నుంచి రేకుడబ్బా దింపాను. దాన్నిండా బూరుగు గింజలు. దూది తీసేటప్పుడు పక్కకు ఏరి పడేసే నల్లటి గుండ్రటి గింజలు. మా అత్తగారి కాలం నుంచీ మా ఇంట్లో తస్బీ, అంటే జపమాల, అదే. గింజకొకసారి శుక్ర్ చెప్పి డబ్బాలోంచి పళ్ళెంలోకి వెయ్యాలి. డబ్బా ఖాళీ అయితే వెయ్యి.

“రోజుకు ఒక డబ్బా” అన్నాను జైబూతో. “రంజాన్ వస్తంది, ఆ నెల్లో చేసింది ఒకటికి డెబ్బై రెట్ల పుణ్యం. పండగ నాటికి నీ భయం నీకు కనపడదు.”

“మేడం మూడన్నది గదా నానమ్మా.”

“ఆమె మూడంది. నేను వెయ్యంటన్నా. ఏది ఎక్కువే?”

ఇంటరు చదివిన పిల్ల. అయినా పెద్దదాన్ని, నా మాట విన్నది.

మొదటి నాలుగు రోజులు నాకు బాగుందనిపించింది. ఫోను పక్కన పెట్టి గింజలు పట్టుకుంది కదా. అప్పుడే బూరుగు కాయలు కూడా దిగడం మొదలైంది. పండగకూ పెళ్ళిళ్ళకూ దిళ్ళు కావాలని ఊళ్ళోవాళ్ళు చెప్పిపోతున్నారు. నేను అరుగు మీద కాయలు పగలగొట్టి దూది తీస్తుంటే లోపల గదిలోంచి టకటకమని గింజలు పళ్ళెంలో పడే చప్పుడు. ఆ చప్పుడు వింటూ, ఇల్లు కుదురుకుంటోంది అనుకున్నాను.

ఉపవాసాలు మొదలయ్యేసరికి ఆ చప్పుడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అయింది. వంట ఆలస్యమవుతోంది. పిలిస్తే చెయ్యి ఊపేది, లెక్క పోతుందని. మనిషి సన్నబడింది. ఉపవాసాలు కదా, అందరూ సన్నబడతారు అని సరిపెట్టుకున్నాను. ఒక రోజు సారమ్మ గిన్నె ఇవ్వడానికి వచ్చి, “అమ్మాయ్, ఏందే అట్టా అయిపోయినవ్?” అని అడిగితే ఆ పిల్ల పెదాలు ఆడిస్తూనే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. సారమ్మ నా వైపు చూసింది. నేను దూది వైపు చూశాను.

పదిహేడో ఉపవాసం నాడు ముబారక్ ఇఫ్తార్ వేళకు ఇంటికి వచ్చాడు. వాడు రోడ్డు మీద ఒంటరిగా నీళ్ళ సీసాతో ఉపవాసం విడిచేవాడే తప్ప ఇంట్లో మాతో కూర్చున్నది ఆ నెలలో అదే మొదలు. పుచ్చకాయ తెచ్చాడు. నేను కోసి పెట్టాను. శనగలు తాలింపు వేశాను. మసీదు సైరను మోగింది. జైబూ రాలేదు.

లోపలికి వెళ్ళి చూస్తే కిటికీ కింద కూర్చుని ఉంది. డబ్బా ఖాళీ. గింజలన్నీ పళ్ళెంలో ఉన్నాయి. మళ్ళీ పళ్ళెంలోంచి డబ్బాలోకి వేస్తోంది.

“అజాఁ అయింది. ఒక్క ఖర్జూరం నోట్లో వేసుకోవే.”

“గింజలైపోయినయ్ గానీ లెక్క కాలా నానమ్మా” అంది, తలెత్తకుండా. “యాడనో తప్పింది. మళ్ళీ మొదట్నుంచి చెప్తన్నా.”

“ముందు ఉపవాసం విడువు. ఆలస్యం చెయ్యకూడదు.”

“రోజూ తప్పుతుంది. మనసు పెట్టకుండా చెప్పినయ్ పైవాడు లెక్కలో వెయ్యడేమో. ఇప్పుడు ఆపితే, ఆయనకేమన్నా అయితే, ఎవరిది తప్పు?”

ముబారక్ నా వెనక వచ్చి నిలబడ్డాడు. “ఎవరికే?” అన్నాడు. “నేనిక్కడే ఉన్నా గదే.”

ఆ పిల్ల కళ్ళెత్తి వాడిని చూసింది. చూసి, తల దించుకుని, ఇంకో గింజ డబ్బాలో వేసింది.

ముబారక్ అరుగు మీద కూర్చుని పుచ్చకాయ ముక్క ఒకటి తిన్నాడు. రెండోది పళ్ళెంలో పెట్టేశాడు. లారీలు పోతున్న చప్పుడు వస్తోంది. “పండక్కి వాళ్ళమ్మా నాయనా వస్తారు గదా. తీసకపొమ్మని చెప్తా” అన్నాడు.

“కొన్నాళ్ళకా?”

“తెలవదు నానమ్మా. నేను అలిసిపోయినా.”

వాడికి ఇరవై ఆరేళ్ళు. ఆ మాట వాడి నోట్లోంచి వాడి తండ్రి గొంతుతో వచ్చింది. మా వైపు ‘కొన్నాళ్ళు పుట్టింట్లో ఉండనీ’ అంటే ఏమిటో నాకు తెలుసు. అట్లా వెళ్ళిన పిల్లల్లో తిరిగి వచ్చినవాళ్ళను నేను వేళ్ళ మీద చెప్పగలను. ఈ పిల్ల వచ్చాకనే ఈ ఇంట్లో రెండో ఆడమనిషి చెప్పుల చప్పుడు వినపడ్డది. దాన్ని బాగుచెయ్యబోయి ఇంట్లోంచే పంపించేదాకా తెచ్చింది ఎవరు? సారమ్మ చూపు గుర్తొచ్చింది.

గురువారం మళ్ళీ నరసరావుపేట వెళ్ళాం. బస్సు నిండా మిరపకాయల ఘాటు, యార్డుకు పోయేవాళ్ళ గోతాలు. జైబూ ఒళ్ళో డబ్బా. ఇంట్లో వదిలి రమ్మంటే రాలేదు.

తస్నీమ్ మేడం డబ్బా చూసింది. తిట్టలేదు. “వెయ్యి ఎవరు పెట్టారు?” అని మాత్రం అడిగింది.

“నేనేనమ్మా” అన్నాను. “మూడు తక్కువనిపించింది.”

“అమ్మమ్మా, పైవాడు తను ఇచ్చినవి లెక్కపెట్టమనలేదు. లెక్కపెట్టబోతే మీ తరం కాదనే చెప్పాడు” అంది, నవ్వుతూనే. తర్వాత జైబూ వైపు తిరిగి, లెక్క ఎక్కడ తప్పుతోందని అడిగింది. జైబూ చెప్పింది. నోటితో శుక్ర్ చెబుతూ మనసులో అంకె లెక్కపెడుతుంది. వెయ్యి అవ్వాలి కదా. కానీ డబ్బా అడుగు కనపడే వేళకు అంకె తొమ్మిది వందల ముప్పై దాటి ఉంటుంది. ఒక రోజు ముప్పై అయిదు, ఒక రోజు నలభై. ఎప్పుడూ వెయ్యి రాదు. మధ్యలో ఎక్కడో అరవై గింజలు ఊరికే, మనసు లేకుండా, అంకె కూడా లేకుండా వేసేస్తోంది. అంత పరధ్యానం. అంత పాపం. అందుకని మళ్ళీ మొదటి నుంచి.

“గింజలు విడిగా ఎప్పుడన్నా లెక్కపెట్టావా? ఏమీ చెప్పకుండా, ఉత్త గింజలు?”

జైబూ లేదంది. మేడం నా వైపు చూసింది.

“వెయ్యే ఉంటయ్” అన్నాను. “నా కొడుకు లెక్కపెట్టి పోసినయ్యి.”

అది నిజమే. వాడు లెక్కపెట్టి పోసినవే. ఆవిడ ఊపిరి సంగతి మళ్ళీ చేయించింది, మూడే మూడు అని చెప్పింది, ఫోను విషయంలో ముబారక్‌తో ఒక ఒప్పందం చేసుకోమంది, ఆసుపత్రి డాక్టరును ఒకసారి మళ్ళీ కలవమని చీటీ రాసింది. వచ్చేటప్పుడు నన్ను ఆపి, “మీకేం భయాలు లేవా అమ్మమ్మా?” అని అడిగింది.

“ఈ వయసులో నాకేం భయం తల్లీ” అన్నాను. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకున్నాను.

ఇంటికి వచ్చి అరుగు మీద చాప వేశాం. ఎండ ఇంకా ఉంది. కాయల పొట్టు ఒక పక్క, దూది మూట ఒక పక్క. జైబూ డబ్బా బోర్లించింది. పదేసి గింజలు కుప్ప పెట్టి, పది కుప్పలు ఒక వరుస చేసి లెక్కపెడుతోంది. పెదాలు కదలడం లేదు. నేను దబ్బనంలో దారం ఎక్కించబోతే ఎక్కలేదు. మళ్ళీ మళ్ళీ తడి చేసుకుంటూ కూర్చున్నాను. తొమ్మిది వరుసలయ్యాయి. తర్వాత మూడు కుప్పలు. విడిగా ఎనిమిది.

“తొమ్మిదొందల ముప్పై ఎనిమిది” అంది జైబూ.

మళ్ళీ లెక్కపెట్టింది. అంతే.

“నానమ్మా, తప్పు నాది కాదు” అంది. గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. “నేను అన్నీ చెప్తానే ఉన్నా. గింజలే తక్కువ.”

ఆ పిల్ల ముఖం చూశాను. నెల రోజులుగా కట్టుకున్న ముడి విప్పినట్టు ఉంది. ఆ ముఖం చూస్తూ నేను చెప్పకుండా ఉండాలనే అనుకున్నాను. ఎలకలు తిని ఉంటాయంటే సరిపోతుంది.

“మరి మిగతావేమయినయ్?” అంది.

“ఆ రోజు నా చేతిలోంచి పడ్డయ్యి” అన్నాను.

ఏ రోజో ఆ పిల్లకు నేను చెప్పాను. నాకు వందకు పైన లెక్క రాదు. అందుకని ఏటా బూరుగు కాయలు దిగినప్పుడు పాత గింజలు తీసేసి కొత్తవి వెయ్యి లెక్కపెట్టి పోసేది ఖాసిమే. చదువుకున్నవాడు. ఆ యేడు వానలు అప్పుడే మొదలయ్యాయి. వాడు ట్రిప్పుకు పోయాడు. నేను ఇదే అరుగు మీద, ఇదే డబ్బాతో కూర్చుని చెప్పుకుంటున్నాను. ఫోను వచ్చింది. ఇంట్లో ఫోను నాకు ఎత్తడం రాదు, సారమ్మ ఎత్తింది. ఆమె ముఖం చూసి డబ్బా వదిలేశాను. ఆడవాళ్ళు వచ్చి నన్ను పట్టుకున్నారు. ఎవరో గింజలు ఏరి డబ్బాలో పోసి మూత పెట్టారు. మట్టిలో పోయినవి పోయాయి, సారమ్మ కోళ్ళు తిన్నవి తిన్నాయి. ఆ వానాకాలం అరుగు పక్కన అయిదారు బూరుగు మొలకలు లేచాయి. పీకేశాను.

“ఆ నాటి నుంచి నీకిచ్చేదాకా ఆ డబ్బా నేను ముట్టుకోలా” అన్నాను. “అందరితో చేస్తన్నానని చెప్పా. అల్లా ఇచ్చాడు, అల్లా తీసుకున్నాడు, శుక్ర్ అన్నా. శవం ముందు కూడా అదే అన్నా. అందరూ మెచ్చుకున్నారు, దరియాబీకి ఎంత ఈమానో, పైవాడి మీద ఎంత నమ్మకమో అని. లోపల ఏముందో ఆయనకు ఒక్క మాట చెప్పలా. చెప్తే ముబారక్‌ని కూడా తీసుకుంటాడేమోనని. నేను చెయ్యలేనిది నీకిచ్చా.”

రోడ్డు మీద ఏదో లారీ గేరు మార్చింది. ఇద్దరం అటు చూశాం. అది మావాడిది కాదు. మళ్ళీ ఒకరినొకరం చూసుకున్నాం. ఆ చూపు ఒకటే చూపని అప్పుడు తెలిసింది నాకు.

జైబూ నా చేతిలోంచి దబ్బనం తీసుకుంది. ఒక్కసారికే దారం ఎక్కించి ఇచ్చింది. “కొత్త గింజలు ఇన్ని ఉన్నయ్ గదా. అరవై రెండు వేసి నింపనా?” అంది, పొట్టులోకి చూపిస్తూ.

“వద్దులే. ఎవరికి నింపాలి?” అన్నాను.

అట్లా అని మర్నాటికి భయం పోలేదు. ఎవరన్నా పోయిందని చెబితే నమ్మకండి. ముబారక్ గేటు దాటగానే ఆ పిల్ల చేతులు చల్లబడ్డాయి. కాకపోతే ఫోను దగ్గరికి పోకుండా అరుగు మీదికి వచ్చి, పాదాలు నేలకు ఆనించి కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. “ఏం భయమో చెప్పవే” అన్నాను. మొదటిసారి అన్నాను ఆ మాట. చెప్పింది. బండి పల్టీ కొట్టినట్టు కనపడుతోంది, చక్రాలు తిరుగుతున్నట్టు కనపడుతోంది అంది. నేను శుక్ర్ చెయ్యమనలేదు. “నాకూ అదే కనపడిద్ది. నాకు చక్రాలు తిరగవు, ఆగి ఉంటయ్” అన్నాను. ఇద్దరం ఊపిరి వదిలాం. నాది దగ్గుతో కలిసి వచ్చింది. ఆ తర్వాత మూడు వెతికింది. ఒక రోజు మూడు దొరికేవి, ఒక రోజు ఒకటి. ఒక రోజు ఏమీ దొరకలేదని ఏడ్చింది, ఏడ్చి కాయలు పగలగొట్టింది. చేతులతో చేసే పనికి ముబారక్ నడుముకు చిన్న దిండు కుట్టింది. ఒక్క గింజ కూడా గుచ్చుకోకుండా దూదిని మూడుసార్లు ఏరింది. వాడు దాన్ని సీటులో పెట్టుకుని, ఆ ట్రిప్పులో ఆగిన ప్రతిచోటా తనే ఫోను చేశాడు. ఒప్పందం అదీ. వాడు ఆగితే చేస్తాడు. ఇది చెయ్యదు.

చెయ్యకుండా ఉండటం ఎంత కష్టమో నేను చూశాను. ఒక మధ్యాహ్నం ఫోనును బియ్యం డబ్బాలో పెట్టి, డబ్బా మీద తను కూర్చుంది.

పండగ వచ్చింది. మాచర్ల నుంచి వాళ్ళమ్మా నాయనా వచ్చారు. సేమియా పాయసం తాగి, అత్తరు పూసుకుని, అందరం కూర్చున్నాం. ముబారక్ వాళ్ళకు ముందే ఏదో చూచాయగా చెప్పినట్టున్నాడు. వాళ్ళమ్మ కూతురి బట్టలకు ఖాళీ సంచి కూడా తెచ్చింది. ఆ సంచి గోడకు ఆనించి ఉంది. జైబూ దాన్ని చూసింది. లోపలికి పోలేదు, అక్కడే నిలబడింది. ఆమె నాయన, “ఏమయ్యా, అమ్మాయిని కొన్నాళ్ళు...” అని మొదలుపెట్టాడు.

ముబారక్ గిన్నె అడుగున ఉన్న జీడిపప్పు వేలితో తీసుకుంటున్నాడు. “ఇప్పుడేం తొందర మామా. కాయలన్నీ అట్టానే పడి ఉన్నయ్. నానమ్మకు దూది తీసేవాళ్ళు ఉండొద్దా?” అన్నాడు. సారమ్మకు ఇవ్వమని పాయసం గిన్నె పెళ్ళాం చేతికిచ్చాడు. ఖాళీ సంచిలో నేను రెండు దిళ్ళు పెట్టి పంపించాను.

పండగ మూడో రోజున వాడు మిర్యాలగూడ వైపు లోడు వేసుకుని పోయాడు. గేటు దగ్గర జైబూ వాడితో, “భయంగానే ఉంది. పోయిరా” అంది. వాడు తలూపాడు. ఉపవాసాలు అయిపోయినా ఒంట్లో ఆ నీరసం పోలేదు నాకు. కాయలు పగలగొడుతూ కూర్చున్నాను. ఎండ అరుగు ఎక్కింది.

సాయంత్రం నీళ్ళు చల్లి, చాప వేసి, ఇద్దరం కూర్చున్నాం. వాడు చేరానని ఫోను చేశాడు. జైబూ ముందు తన భయం చెప్పింది, నేను నాది చెప్పాను. తర్వాత తన మూడు చెప్పమంటే, “ముందు నీవి చెప్పు. రోజూ నాయే అడుగుతవ్” అంది.

వెతికాను. “సారమ్మ కోడి మన గుమ్మంలో గుడ్డు పెట్టింది. ఆమెకు చెప్పలా” అన్నాను. “దబ్బనం పోయిందనుకున్నా, కొంగుకే ఉంది.” మూడోది కోసం ఆ రోజంతా తిరగేశాను. కాయలు, దుమ్ము, ఎండ. మధ్యాహ్నం ఏం చేశానో కూడా సరిగ్గా గుర్తు రాలేదు. “మూడోది దొరకలా” అన్నాను. “దొరకకపోతే అట్టానే చెప్పమంది గదా మేడం.”

“నాకు ఇయ్యాల నాలుగున్నయ్. ఒకటి నువ్వు తీసుకో” అంది జైబూ.

“ఏందది?”

“మధ్యాన్నం నువ్వు దూది మూట మీద తల పెట్టి నిద్రపోయినవ్. ఆయన ఇంకా దారిలోనే ఉన్నాడు, కృష్ణ మీద పొందుగుల వంతెన కూడా దాటలా. గంటన్నర. గురక పెట్టినవ్.”

అబద్ధం అన్నాను. నేను పగలు నిద్రపోను, ఊరందరికీ తెలుసు అన్నాను. ఆ పిల్ల వంగి, నా చెవి పక్కన జుట్టులో చిక్కుకున్న దూది పీచు తీసి, నా అరచేతిలో పెట్టింది.